పాదిరీ మావ రెండో ఊరు

మొన్న మే నెలలో ఆనందపురం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు బిగించుకున్న ఒక పెద్దమనిషి కనిపించాడు. రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటున్న ఎండ అది. గబగబా దగ్గరికి వెళ్లి ముఖంలోకి చూశాను. ఎవరో రైతు. పన్ను పీకించుకోవడానికి తగరపువలస వెళ్తున్నాడట. దవడ వాచిపోయింది, పాపం.

ఏ నొప్పీ లేకుండా ఎండాకాలంలో మఫ్లరు చుట్టుకున్న మనిషిని నా ఎరుకలో ఒక్కణ్ణే చూశాను. ఎందుకు మావా అని అడిగితే, "అక్కడ మంచు పడతందిరా" అనేవాడు. అక్కడ అంటే, అప్పుడు ఆయన చదువుతున్న పేజీలో.

ఆయన్ని మా పేటలో అందరూ పాదిరీ అనేవారు. నాకు వరసకు మావ కనుక పాదిరీ మావ. పేరు విని క్రైస్తవుడనుకునేరు. ఆయన చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. ఏటేటా పేట చివరి అమ్మవారికి కోడిని మొక్కు చెల్లించి, మిగతా ఏడాదంతా ఇంగ్లండులో ఒక చిన్న ఊరి చర్చి పైకప్పు కారుతోందని దిగులు పడేవాడు. ఆ కప్పు కారడం మొదలుపెట్టి నూరేళ్లు దాటి ఉంటుందని మేం ఎంత చెప్పినా ఆ దిగులు తగ్గేది కాదు. "నూరేల్లైనా బాగుసెయ్యలేదా?" అని ఇంకా బాధపడేవాడు.

మా పేట విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం ఒడ్డున ఉంటుంది. అందరికీ చేపల వేటే ఆధారం. మావ కూడా చిన్నతనంలో వేటకు వెళ్లినవాడే. తర్వాత పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీద, ఇంజనుకు నూనె పెట్టే గ్రీజరుగా పనిచేసి, ఇంజను మోతకు చెవి మందగించాక ఇంటికొచ్చి, అరుగు మీద వలలు కుడుతూ కూర్చున్నాడు. ఒళ్లో వల, పక్కన పుస్తకం. టగ్గు మీద పట్టుబడిన అరకొర ఇంగ్లీషుతో, వల కన్ను ఒకటి ముడివేసి ఒక వాక్యం చదివేవాడు. వాక్యం బోధపడకపోతే అదే కన్నుకు ఇంకో ముడి వేసి మళ్లీ చదివేవాడు. ఆయన కుట్టిన వలలో ఎక్కడ ముడి లావుగా ఉంటే అక్కడ ఇంగ్లీషు కష్టంగా ఉందని మేం గుర్తుపట్టేవాళ్లం.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మావ భార్య, నాకు అత్త, ఎండుచేపలు అమ్మేది. పొట్లాలకు కాగితాలు కావాలంటే మావ టగ్గు దిగి వన్ టౌన్‌లో చిత్తుకాగితాల కొట్టు నుంచి ఒక కట్ట మోసుకొచ్చేవాడు. ఒకసారి ఆ కట్టలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో ఒక పల్లెటూరి చర్చి గురువు తన ఊరి మంచీ చెడ్డా అంతా రాసిపెట్టిన పుస్తకం. అత్తకు అదేం తెలుసు? అట్ట పీకేసి, ముందు నుంచి కొన్నీ వెనక నుంచి కొన్నీ చింపి వేలెడంత నెత్తళ్ల చేపలు పొట్లాలు కట్టేసింది. మిగిలినదాంట్లో మావకు ఒక బొమ్మ కనబడింది. చర్చి బురుజు, దాని కొన మీద ఇనుపకోడి. గాలి ఎటు వీస్తే అటు తిరిగే కోడి. గుడెక్కి గాలి చూసుకునే జనం మనలాంటి జనమే అయి ఉంటారని ఆయనకు తోచి, పుస్తకం అత్త చేతిలోంచి లాక్కున్నాడు. అప్పటికే ఊరి పేరు పోయింది. రాసినాయన పేరు పోయింది. వెనకవైపు, కథ చివరికి ఏమైందో అదీ పోయింది.

"నా ఊరుని నెత్తల్లు సుట్టి అమ్మీసింది," అనేవాడు మావ, అరుగు మీదికి వచ్చిన ప్రతివాడితో.

"కమ్మగానే ఉందన్నారు. ఎవులూ ఎనక్కి తేలేదు," అనేది అత్త లోపల్నించి.

నాకు ఆయనతో స్నేహం కుదిరింది శాఖా గ్రంథాలయంలో. నేను పదో తరగతితో ఆగి ఫిషింగ్ హార్బరులో డీజిలు బంకులో చేరినవాణ్ణి. తెల్లవారకముందే బోట్లకు డీజిలు పట్టడం మొదలైతే మధ్యాహ్నానికి ఖాళీ. ఆ ఖాళీలో చదివిందే నా చదువు. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదివినవాణ్ణి హార్బరు మొత్తంలో ఇంకొకణ్ణి చూపిస్తే నేనూ చూస్తాను.

గ్రంథాలయంలో నిఘంటువు ఒకటే. ఎవరూ పట్టుకుపోకుండా నైలాన్ తాడుతో బల్లకు కట్టి ఉండేది. ఆ మధ్యాహ్నం అది నా ముందు ఉంది. పక్కన ఎవరో వచ్చి నిలబడి దగ్గారు. మఫ్లరు.

"ఏ అచ్చరంలో ఉన్నావు?"

"ఎమ్ములో."

"నాకు ఎస్సు కావాల. బేగి తేల్చు."

పుస్తకం ఇటు తిప్పి ఇచ్చాను. వేలితో వెతికి "సెక్స్‌టన్" దగ్గర ఆగాడు. చర్చిలో గంట కొట్టేవాడు, సమాధులకు గొయ్యి తవ్వేవాడు అని ఉంది. మావ కళ్లజోడు తీసేశాడు.

"రెండు పన్లూ ఒక్కడేనా?"

"అలాగే ఉంది మావా."

"గొయ్యి తవ్వతన్నప్పుడు గంట టైమైపోతే ఏటి సేత్తాడు?"

నిఘంటువులో అంతవరకు రాయలేదు. ఆయన తల ఊపాడు. "టగ్గు మీదా ఇంతేరా. ఇద్దరి పని ఒక్కడికి సెప్పి, పైన ఇంగిలీసులో ఒక పేరెట్టెత్తారు."

ఆ రోజు నుంచి ఆ ఊరి వ్యవహారాలన్నీ నా నెత్తికెక్కాయి. నేను విజ్ఞాన సర్వస్వం చూసి వివరాలు అందించేవాణ్ణి. ఒక చర్చి కిందికి వచ్చే ఊరునూ దాని పొలిమేరనూ కలిపి పారిష్ అంటారని, ఆ చర్చి గురువు వికారని, ఊళ్లో పొలాలున్న పెద్దదొర స్క్వైరని చెప్పాను. మావ అంతా విని, "నీ పుస్తకం కుర్సీలో కూకుని రాసింది. మా వికారు బురదలో తిరిగి రాసినాడు," అని తీసిపారేశాడు. తర్వాత అత్తకు అవే మాటలు తనకే తెలిసినట్టు చెబుతుంటే విన్నాను.

ఆయన లోకంలో అందరికీ అక్కడ ఒక జోడీ ఉండేది. మా పేట పెద్ద స్క్వైరు. బడిపంతులు వికారుకు కుడిభుజం. పోలీసులకు దొరకని సారా బట్టీ మనిషి, దొర అడవిలో దొంగతనంగా కుందేళ్లు కొట్టేవాడికి సాటి. నన్ను ఏంచేశావు మావా అంటే, "నువ్వు గుమస్తావి. పెల్లిల్లకి సంతకం ఎట్టించుకుంతావు, నీకు పెల్లికూడు ఉండదు," అన్నాడు. అత్తకు మాత్రం జోడీ దొరకలేదట. "మీ అత్తలాంటిది అక్కడ ఉంటే ఆ వికారు పుస్తకం రాయడానికి కూకోనిచ్చేదా?"

ఆ ఊరి చర్చిలో పాటలకు ఎప్పటి నుంచో ఊరివాళ్లే వాయించేవారు. చెప్పులు కుట్టేవాడిది ఫిడేలు, వడ్రంగిది క్లారినెట్టు. వాళ్ల వాయింపు కొంచెం అపస్వరమే అయినా దేవుడు సర్దుకునేవాడు. వికారు కొత్తగా హార్మోనియం తెప్పించి వాళ్లని మానిపించాడు. మావకు వికారు మీద ఎంత గౌరవమున్నా ఈ ఒక్క పనిని క్షమించలేదు. మా కుర్రాళ్లు అమ్మవారి పండక్కి డప్పులు మాని మైకుసెట్టు పెడదామన్న రోజున అరుగు మీదే లేచి నిలబడ్డాడు.

"హార్మోనీ ఒచ్చినాక ఆ పిడేలోడు గుడికి రావడం మానీసి సారాకొట్టుకి ఎల్లిపోనాడ్రా! రేపు మన డప్పులోడు ఏటైపోతాడు?"

"మన డప్పులోడు ఇప్పుడూ ఆ కొట్లోనే ఉన్నాడు మావా," అన్నాడు ఒక కుర్రాడు.

అందరూ నవ్వారు. మావ నవ్వలేదు. మఫ్లరు సర్దుకుని, "మీకు సరిత్ర తెల్దు," అన్నాడు. ఆ ఏడు డప్పులే మోగాయి. సరిత్ర గెలిచిందని మావ నమ్మకం. మైకుసెట్టు వాడు ఆ రోజు ఏదో పెళ్లికి ఒప్పుకున్నాడన్నది నాకు తర్వాత తెలిసింది. ఆయనకు చెప్పలేదు.

ఒకసారి వేకువనే నాతో హార్బరుకు వచ్చాడు. వేలం పాటల దగ్గర గంపల్లోంచి జారిపడే చేపల్ని ఏరుకునే ముసలమ్మలు కొందరుంటారు. ఎవరో వాళ్లని కసిరాడు. మావ ఆ కసిరినవాడి ముందుకు వెళ్లి, కోతలైపోయాక పొలంలో పరిగ ఏరుకోవడం తన ఊళ్లో పేదవాళ్ల హక్కని, దానికి చర్చిలో పొద్దున్నే గంట కూడా కొడతారని, గంట మోగాక దొర కూడా నోరెత్తడని చెప్పాడు. వాడు అటూ ఇటూ చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. మావకు ఊరి పేరు తెలియదు కదా. కాసేపు తడబడి, "పేరు నా పెల్లాం సింపీసింది," అన్నాడు. ముసలమ్మలు ఈ గొడవలో గంపలో సగం చేపలు ఏరుకున్నారు.

ఇక ఆ పుస్తకం ఎక్కడ ఆగిపోయిందో చెబితే, ఆయన ఎందుకలా అయ్యాడో తెలుస్తుంది.

ఆ ఊరికి ఉమ్మడి బయలు ఒకటి ఉండేది. పేదవాళ్ల ఆవులు, బాతులు అక్కడే మేసేవి. స్క్వైరు దానికి కంచె వేయించడం మొదలుపెట్టాడు. అప్పుడే ఊరి పొలిమేర తిరిగే రోజు వచ్చింది. అక్కడ అదొక ఆచారం. ఏడాదికోసారి ఊరు ఊరంతా తొక్క తీసిన బెత్తాలు పట్టుకుని వికారు వెంట పొలిమేర చుట్టి వస్తుంది. పొలిమేర రాయి వచ్చినప్పుడల్లా దాన్ని బెత్తాలతో కొట్టి, ఒక కుర్రవాణ్ణి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆ రాయి మీద కుదేస్తారు. వాడు ముసలివాడయ్యాక కూడా ఆ చోటు మరిచిపోకూడదని. చివర అందరికీ బీరూ, బన్ను రొట్టెలూ. ఆ ఏడు కూడా ఊరంతా అలాగే బయల్దేరి బయలు దగ్గరికి వచ్చింది. ఎదురుగా దొరగారి కంచె. వికారు కంచె ముందు ఆగి టోపీ తీశాడు.

అంతే. ఆ తర్వాత పేజీ నెత్తళ్లతో పోయింది.

వికారు టోపీ ఎందుకు తీశాడు? దొరకు దండం పెట్టడానికా? దేవుణ్ణి తలుచుకోవడానికా? కంచె దూకడానికి అడ్డమనా? ఈ ఒక్క ప్రశ్న మీద మా అరుగు కొన్నేళ్లు నడిచింది. నేను ప్రార్థన అన్నాను. మా బావ, మావకు మేనల్లుడు, "సెమట తుడుసుకోడానికి" అన్నాడు. అత్తను అడిగితే, "పేలు," అంది.

ఆ బయలు ఏమైందో తెలుసుకోమని మావ నన్ను పట్టుకున్నాడు. నేను శాఖా గ్రంథాలయం దాటి పెద్ద గ్రంథాలయాలకు కూడా వెళ్లాను. పేరు లేని ఊరిని వెతకడం ఎలాగో ఏ పుస్తకంలోనూ లేదు. ఇంగ్లండులో ఆ కాలంలో చాలా ఊళ్లలో ఉమ్మడి నేలలకు కంచెలు పడిపోయాయని చదివి వచ్చి చెప్పాను. మావ ముఖం ముడుచుకుంది.

"సాలా ఊర్లంటే అన్ని ఊర్లూ కాదు గదా?"

"కాదు."

"మా ఊరు అందులో లేదు," అని వల అందుకున్నాడు. ఆ సాయంత్రం ముడులన్నీ లావుగానే పడ్డాయి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, ఆయనకు కొత్త అనుమానం పుట్టింది. మా పేటకూ ఒక బయలుంది. గెడ్డ, అంటే మా వాగు, సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరాన ఇసుక దిబ్బ దాకా. ఆడవాళ్లు చేపలు ఎండేసేది అక్కడే, అత్త కూడా. దాని హద్దు ఎక్కడని మావ ముగ్గురు పెద్దల్ని అడిగాడు. ఒకరు దిబ్బకు ఇవతల అన్నారు, ఒకరు అవతల అన్నారు. మూడో ఆయన "మా తాత తాగి పడిపోయిన కాడ" అన్నాడు. మావ కంగారు పడి, ఒక్కో మూలా తవ్వి, తాతల నాటి హద్దురాళ్లు మూడు పట్టుకున్నాడు. తర్వాత పేటంతా తిరిగి చెప్పాడు: మనమూ పొలిమేర తిరగాల.

తిరగడం మంచిదే. కానీ ఆయన తిథి వాళ్లది పట్టుకొచ్చాడు. ఈస్టరు దాటిన అయిదో వారంలో, మే నెలలో, చర్చి ప్రార్థన ముగిశాక పదకొండు గంటలకు. ఇంగ్లండులో మే నెల పదకొండు గంటలకు పూలు పూస్తాయట. మా ఇసుక మీద ఆ వేళకు చేప వేస్తే వేగుతుంది.

"పొద్దున్నే తిరుగుదాం మావా," అన్నాను.

"ఆచారం ఆచారమే," అన్నాడు మఫ్లరు బిగిస్తూ.

బీరు ఇస్తారన్న మాట ఎలాగో బయటికి పొక్కడంతో జనం బాగానే వచ్చారు. వాళ్లలా విల్లో చెట్టు బెత్తాలు లేవు కనుక సరుగుడు కొమ్మలు విరిచాం. మావ ముందు, వెనక మేం, ఇసుక మీద కాలు నిలవక అందరం కోతుల్లా ఎగురుతూ. గెడ్డ మూల రాయి దగ్గర కొమ్మలతో కొట్టాం. అక్కడ మావ పిల్లలకు బన్నులు పంచాడు, కుదేయడానికి ఒకణ్ణి ఎంచుకోవాలని. బన్ను చేతిలో పడగానే పిల్లలందరూ క్రికెట్టుకు పారిపోయారు. అత్త మజ్జిగ కుండ తెచ్చింది.

"బావా, బీరన్నావు గదా?" అన్నాడు ఒక పెద్దాయన మావతో.

"మజ్జిగ మన బీరు."

ఆయనా, ఆయనతో ఇంకొందరూ అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. రెండో రాయి దాటి దిబ్బ మీది మూడో రాయి దగ్గరికి వచ్చేసరికి మిగిలింది మావ, అత్త, మా బావ, నేను. అది నెత్తి మొనదేలిన రాయి. మావ నా వంక చూశాడు.

"మావా, నాకు పెళ్లయింది," అన్నాను.

"అయితే బరువుంటావు. బాగా దిగుతావు."

మావా, మా బావా కలిసి నన్ను కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, ఆ రాయి మీద కుదేశారు. ఒకసారి కాదు. నా కళ్లముందు విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. లేవబోతే మావ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"కూకో. ఏటి కనబడతంది?"

"నొప్పి."

"అది కాదురా, గురుతు సెప్పు."

సముద్రంలో చేపల చోటు గుర్తుపెట్టుకోవడానికి మావాళ్లు ఒడ్డు వైపు చూస్తారు. దగ్గరిదొకటి, దూరానిదొకటి ఒకే వరసలోకి వచ్చిన చోటే చోటు. అలా రెండు వరసలు కలిస్తే పడవను అక్కడే ఆపుతారు. ఇది ఇంగ్లండు ఆచారంలో లేదు. మావ తన టగ్గు బుద్ధితో కలిపాడు. నేను కళ్లు తుడుచుకుని చూశాను. పడమటి కొండకున్న చీలికలో అమ్మవారి గుడి కొన నిలబడింది. ఇటు చూస్తే, సముద్రంలోని నల్లరాయి సరిగ్గా గెడ్డ నోటి మీద కూర్చుంది. చెప్పాను. మళ్లీ చెప్పించాడు.

"కాయితం మీద రాసుకుంటే సరిపోయేది కదా మావా," అన్నాను ఏడుపు గొంతుతో.

"కాయితమైతే మీ అత్త సేపలు సుట్టేత్తాది. నీ నడుముని ఏటి సుడతాది?"

ఆ వారం బంకులో నిలబడే డీజిలు కొట్టాను. మావ ఏటా పిలిచినా ఆ తర్వాత ఎవరూ పొలిమేర తిరగలేదు. ఆయన ఒక్కడే ఆ మే నెల పూట మఫ్లరు చుట్టుకుని గెడ్డ దాకా వెళ్లి రాయిని కొమ్మతో తట్టి వచ్చేవాడు. ఎండకు ఆయన పోతాడని అత్త భయం. ఆయన చలికాలంలో పోయాడు, మఫ్లరు కట్టుకోవడం సబబైన రోజుల్లో. మా ఊరి వాతావరణానికి ఆయన చేసిన మర్యాద అదొక్కటే. పుస్తకం కూడా ఆయనతో పంపించేద్దామని ఎవరో అన్నారు. అత్త ఒప్పుకోలేదు. "ముందూ ఎనకా నాను సింపీసినాను. ఉన్నది నిప్పుకెట్టకండి," అంది.

ఆ వేసవిలోనే దిబ్బ అవతలి భూమిని ఎవరో లేఅవుటుకు కొన్నారు. గోడ కట్టడానికి మేకులు దిగ్గొట్టి పునాది ముగ్గు పోశారు. ముగ్గు దిబ్బకు అవతల లేదు. చేపలు ఎండేసే బయలు నడిమధ్య నుంచి పోయింది.

"ఆ మేకు నా నెత్తల్ల మీద దిగ్గొట్టినార్రా," అని అత్త బంకు దగ్గరికే వచ్చింది. బయలు సగం పోతే ఆడవాళ్లలో సగం మందికి చేపలు ఎండేసే చోటు ఉండదు. అత్త వాటా ఆ పోయే సగంలోనే ఉంది. మావ లేకుండా ఆమెకు మిగిలిన తిండి అదే.

మండల సర్వేయరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. రెండువైపులా విని ఒక మాట చెప్పాడు. "మూలరాయి చూపించండి. అక్కడి నుంచి కొలుస్తాను. చూపించలేకపోతే వాళ్లు చూపించిన మేకే ఖాయం చెయ్యాలి."

గెడ్డ దగ్గరి రాయి వరదకు కొట్టుకుపోయింది. రెండోదాని మీద ఎవరో ఇల్లు కట్టుకున్నారు. మిగిలింది దిబ్బ మీది మొనదేలిన రాయి. కొన్నేళ్ల కిందటి తుపానుకు దిబ్బే జరిగిపోయింది. పైగా అక్కడంతా సరుగుడు మొక్కలు నాటారు, అవి మనిషెత్తు దాటాయి. పేటంతా అక్కడ చేరింది. మావ పొలిమేర తిరిగిన రోజున దాన్ని ఎవరు చూశారు? అందరూ బీరు లేదని వెనక్కి తిరిగినవాళ్లే. మా బావ వేటకు వెళ్లి ఇంకా రాలేదు. అత్త నా వైపు చూసింది.

"నిన్నే గదరా కుదేసింది. సూపించు."

నేను తోటలోకి నడిచాను. అటు చూస్తే కొమ్మలు, ఇటు చూస్తే కొమ్మలు. కొండ లేదు, గుడి లేదు, సముద్రం లేదు. అటు తిరిగాను, ఇటు తిరిగాను. లేఅవుటు మేస్త్రీ బీడీ వెలిగించుకున్నాడు. సర్వేయరు గడియారం చూసుకున్నాడు. అత్త కొమ్మలు పక్కకు నెడుతూ నా వెనకే వచ్చింది.

అప్పుడు తోచింది. ఆ రోజు నేను నిలబడి చూడలేదు.

చటుక్కున ఇసుకలో కూలబడ్డాను. కొమ్మలన్నీ నెత్తి మీదికి పోయాయి. సరుగుడు మానుల మధ్య నుంచి దూరాన కొండ కనిపించింది, చీలికతో సహా. గుడి కొన చీలికకు కుడివైపుంది. నేను కూర్చున్నవాణ్ణి లేవకుండా కుడికి దేకాను. కొన కొంచెం జరిగింది. ఇంకొంచెం దేకాను.

"ఏట్రా, సంటిపిల్లడిలాగ దేకుతున్నావు!" అని ఎవరో అరిచారు. జనం ఒకటే నవ్వు. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్వనీ అనుకుని, గుడి కొన చీలికలో పడేదాకా దేకాను. తర్వాత ఆ వరస తప్పకుండా వెనక్కి, వెనక్కి, నల్లరాయి గెడ్డ నోటి మీద కూర్చునేదాకా. అక్కడ ఆగాను. నడుము కింద పాత నొప్పి ఒకటి కలుక్కుమంది. రాయి ఇంకా కిందే ఉంది, నాకు తగిలే వీలు లేదు. అయినా కలుక్కుమంది.

"ఇక్కడ తవ్వండి," అన్నాను.

మొదటి గోతిలో ఇసుకే. రెండోసారి కొంచెం పక్కన పొడిస్తే గునపం ఠంగుమంది. ఇసుక తీసేసరికి మొనదేలిన నెత్తి బయటపడింది. అత్త దాన్ని చేత్తో తుడిచి, పమిట చెంగుతో మళ్లీ తుడిచింది. సర్వేయరు గొలుసు పట్టించి కొలిచాడు. ముగ్గు దిబ్బకు అవతలికి పోయింది. మేస్త్రీ బీడీ పారేసి తన మేకు పీక్కున్నాడు.

"మీకింత కచ్చితంగా ఎలా గుర్తుంది?" అని సర్వేయరు నన్ను అడిగాడు. ఇంగ్లండులో ఆచారం గురించి, పారిష్ గురించి నేను చదివినదంతా చెప్పడానికి గొంతు సర్దుకున్నాను. అత్త అడ్డుపడింది.

"సెప్తే తెల్దు బాబూ. ఒరే, ఈ బాబుని కూడా ఓపాలి కుదేయండి. గవర్నమెంటోల్లు బేగి మర్సిపోతారు."

ఆడవాళ్లే పట్టుకున్నారు. సర్వేయరు కుర్రాడు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, నవ్వుతూనే రాయి మీద దిగాడు. దిగాక నవ్వు లేదు.

"ఏటి కనబడతంది?" అని అడిగింది అత్త, అచ్చం మావ గొంతుతో.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. నేను ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. అత్త లోపల్నించి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చివరి పేజీ తియ్యమంది. తీశాను. కంచె ముందు వికారు ఇంకా అలాగే ఉన్నాడు, టోపీ తీసి.

"ఎందుకు తీసాడో ఇప్పుడు తెలిసిందేటి?"

"లేదత్తా."

"కూకోడానికిరా. టోపీ ఉంటే కొమ్మలు అడ్డొత్తాయి గదా. తీసీసి, కూకుని, నీలాగే దేకుంటాడు." చింపిన చేత్తోనే పేజీ అంచు నిమిరి, "ఆల్లకీ రాయి దొరికే ఉంటాది," అంది.

ఆ తర్వాత కూడా నేను గ్రంథాలయాల్లో ఆ కాలం ఇంగ్లండు గురించి చాలా చదివాను. అత్త చెప్పిన దాన్ని కాదనడానికి ఆధారం నాకు ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.